నాన్న యుద్ధం గురించి పది నిమిషాలు

ప్రశ్న: మా నాన్నగారు మద్రాస్ సాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళంలో, పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. 71లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఉన్నారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఈ డిసెంబర్ 16న మా ఊరి హైస్కూల్లో విజయ్ దివస్ చేస్తున్నారు, మీ నాన్నగారి గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమ్మా అని హెడ్మాస్టరుగారు అడిగారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఆయన ఇంట్లో యుద్ధం ఊసే ఎత్తేవారు కాదు. "మేం మైన్లు తీసేవాళ్ళం, వెనక ట్యాంకులు వచ్చేవి" (మైన్లంటే నేలలో పాతే మందుపాతరలు), అంతే, ఇంకా అడిగితే లేచి పొలం వెళ్ళిపోయేవారు. ట్రంకు పెట్టెలో మెడల్స్ ఉన్నాయి గానీ ఏది ఎందుకిచ్చారో తెలీదు. పైగా మా అన్నయ్య, "నాన్న యుద్ధంలో పోలేదు కదా, పింఛను తీసుకుని నిండుగా బతికాడు, ఆ రోజు అమరవీరులది, మధ్యలో మన గొప్పేంటి" అంటున్నాడు. ఏం మాట్లాడను? మెడల్స్ పెట్టుకుని వెళ్ళొచ్చా?
— ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం దగ్గర నుంచి

జవాబు: ముందు అన్నయ్యగారి మాట సంగతి చూద్దామమ్మా. ప్రాణాలిచ్చినవాళ్ళకి ఆ రోజు మొదటి దండం పెట్టాల్సిందే, అందులో ఆయన తప్పేం లేదు. అలాగని తిరిగొచ్చినవాళ్ళకి ఆ రోజుతో సంబంధం లేదంటే ఎలా? 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ మన జనరల్ అరోరా ముందు లొంగిపోతున్నట్టు సంతకం పెట్టిన రోజది, దాన్ని సాధించినవాళ్ళలో ఎక్కువమంది ఇంటికొచ్చి పొలాలు చేసుకున్నవాళ్ళే. మీకు దగ్గర్లోనే ఉన్న మిలిటరీ మాధవరంలో ఎవరినైనా అడిగి చూడమనండి, తరతరాలుగా ఇంటికొకరు పట్టాళానికి వెళ్ళిన ఊరు, అక్కడ పెన్షన్ తీసుకునే మనిషిని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు.

ఇక అసలు సంగతి. ఇలాంటి సభల్లో నేను చూసినంతవరకు అందరూ చేసేది ఒకటే, నెట్‌లో దొరికిన ఢాకా కథ మొత్తం చదివేసి, తొంభై మూడు వేలమంది లొంగిపోయారని చెప్పి, చివర్లో "మా నాన్నగారు కూడా ఇందులో ఉన్నారు" అని ముగించడం. మీరు ఆ పని చెయ్యకండి. మీ నాన్నగారు అసలు ఢాకా వైపు వెళ్ళారో లేదో ముందు తెలుసుకోండి. అది తెలుసుకోవడం ఆ ట్రంకు పెట్టెతోనే అయిపోతుంది. ఆ యుద్ధానికి నక్షత్రం ఆకారంలో రెండు రకాల పతకాలు ఇచ్చారు, తూర్పున, అంటే ఢాకా వైపు, పనిచేసినవాళ్ళకి పూర్వీ స్టార్, పడమటి వైపు పనిచేసినవాళ్ళకి పశ్చిమీ స్టార్. గుండ్రంగా సంగ్రామ్ మెడల్ కూడా ఉండొచ్చు, అది ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్న చాలామందికి వచ్చింది కాబట్టి దాన్నిబట్టి ఆయన ఎక్కడున్నారో తేలదు, నక్షత్రాన్నే చూడండి. వెనకవైపో అంచు మీదో చిన్న అక్షరాల్లో ఆయన నంబరు, పేరు ఉంటాయి, భూతద్దం పెట్టి చూడండి. ఇంకొక్క మాట, ఇత్తడి చెంబుని తోమినట్టు చింతపండు పెట్టి తోమేయకండి! ఆ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఆయన చెప్పిన ఆ ఒక్క ముక్కని బట్టి నాకు పడమటి వైపే అనిపిస్తోంది, అయినా నా అనుమానాన్ని మీరు స్టేజి మీద నిజంగా చెప్పకండి, పతకం చూశాకే చెప్పండి. పశ్చిమీ స్టార్ గనక అయితే మీ పది నిమిషాలకి మంచి సంగతే ఉంది. ఊళ్ళో పిల్లలెవరికీ తెలియని విషయం ఏంటంటే డిసెంబర్ 16న ఢాకాలో సంతకాలు అయ్యేనాటికి పడమట యుద్ధం ఇంకా ఆగలేదు, అక్కడ కాల్పులు ఆగింది 17 రాత్రి ఎనిమిదింటికి. సరిగ్గా ఆ 15, 16 తేదీల్లోనే పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ నది దగ్గర పెద్ద ట్యాంకుల పోరు జరిగింది. నది అవతల దట్టంగా మైన్లు పాతి ఉన్నాయి, మన కాల్బలం ముందే దాటేసి అవతల గట్టు పట్టుకుంది, వాళ్ళ మీదికి పాకిస్తాన్ ట్యాంకులు కదులుతున్నాయని కబురొచ్చింది, ఇటు చూస్తే మైన్లు తీసే పని సగంలోనే ఉంది. ఇంక ఆగేది లేదని మన పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు ఆ సగం దారిలోంచే వెళ్ళిపోయాయి. ఆ రెజిమెంట్ ఆఫీసరు, ఇరవై ఒక్కేళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్‌కి చనిపోయాక పరమవీర చక్ర వచ్చింది ఆ పోరులోనే. ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆ ట్యాంకులకి దారి వేసిన ఇంజనీర్ రెజిమెంట్లలో ఒకటి మీ నాన్నగారి మద్రాస్ సాపర్స్‌దే, 9 ఇంజనీర్ రెజిమెంట్, అందులోని మేజర్ విజయ్ రతన్ చౌదరి మైన్లు తీయిస్తూ చనిపోయారు, మహావీర చక్ర ఇచ్చారు. ఈ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

చీకట్లో, పైనుంచి ఫిరంగి గుళ్ళు పడుతుంటే, బోర్లా పడుకుని నేలలో సన్నటి ఊచ ఏటవాలుగా గుచ్చుకుంటూ జానెడు జానెడు ముందుకి జరగడం, తగిలినదాని చుట్టూ మట్టి తీయడం, తీసినంత మేర టేపు కట్టి దారి గుర్తు పెట్టడం, ఇదమ్మా మైన్లు తీయడమంటే. "మైన్లు తీసేవాళ్ళం" అన్న మాట ఎంత పొదుపుగా వాడారో చూడండి ఆయన. పిల్లలకి ఇది చెప్పండి. మీ నాన్నగారు బసంతర్‌లోనే ఉన్నారని మాత్రం కాగితం చూడకుండా అనొద్దు. డిశ్చార్జి బుక్ ఉంటే ఆయన యూనిట్ పేరు దొరుకుతుంది, లేకపోతే సర్వీసు నంబరు రాసి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం పెట్టండి. జవాబు డిసెంబర్‌లోగా రాకపోవచ్చు, పర్లేదు, "సాపర్స్ ఈ పని చేశారు, మా నాన్న కూడా సాపరే" అంటే అబద్ధమేమీ లేదు.

మిగతా సమయం ఇంట్లో మీకు తెలిసిన మనిషి గురించి మాట్లాడండి. పొద్దున్నే ఎన్నింటికి లేచేవారు, దుప్పటి ఎలా మడతపెట్టేవారు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాసి మీ అమ్మగారు వేసిన ఉత్తరాలు దాచుకున్నారా, దీపావళికి బాంబు పేలితే ఏం చేసేవారు, యుద్ధం సినిమా వస్తే కూర్చునేవారా, లేచి వెళ్ళిపోయేవారా. చెప్పని సంగతులు చెప్పలేదనే చెప్పండి. పొలం వెళ్ళిపోయేవారని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం చదివి నేను చాలాసేపు ఆగిపోయాను, అది స్టేజి మీద కూడా అలాగే చెప్పేయండి.

మెడల్స్ ఎడమ గుండె మీద పెట్టుకునేది వాటిని సంపాదించిన మనిషి. మీరు అలా పెట్టుకోవద్దు. ఓ అట్ట మీద నల్లగుడ్డ పరిచి వరసగా గుచ్చి ఫోటో పక్కన బల్ల మీద పెట్టండి, పిల్లలు దగ్గరికొచ్చి చూస్తారు. అన్నయ్యగారిని ఆ బల్ల దగ్గర నిలబెట్టండి, వచ్చిన పిల్లలకి ఆయనే చెప్తారు, చూడండి కావాలంటే.

ప్రశ్న: మా నాన్న నేవీ. 71లో విశాఖలోనే ఉన్నారు. నాన్న పేరున ఏదైనా చేద్దామంటే డిసెంబర్ 4 మంచిదా, 16 మంచిదా?
— విశాఖపట్నం

జవాబు: నాలుగే. నేవీ డే అయితే కరాచీ మీద మన మిసైల్ బోట్లు చేసిన దాడిని గుర్తు చేసుకునే రోజు గానీ, మీ ఊరికి ఇంకో లెక్క ఉంది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మీ తీరంలో మునిగింది కూడా 3వ తేదీ అర్ధరాత్రి దాటాకే. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలూ ఇప్పటికీ చెరో మాట చెప్తాయి, ఆ తగువు మనకొద్దు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఆ రోజు పొద్దున నేవీ వాళ్ళు పుష్పగుచ్ఛాలు పెడతారు, ఆ హడావిడి అయ్యాక సాయంత్రం మీరు వెళ్ళండి.

ప్రశ్న: నాన్న శ్రీలంక వెళ్ళొచ్చిన సైనికుడు. వచ్చాక తాగుడు, అమ్మని కొట్టడం. ఇప్పుడు లేడు. జనవరి 14న మాజీ సైనికుల మీటింగ్‌లో ఆయన ఫోటోకి దండ వెయ్యడానికి నన్ను రమ్మంటున్నారు. అందరూ వీరుడంటుంటే నాకు వెళ్ళబుద్ధి కావడం లేదు. అమ్మేమో వెళ్ళమంటోంది.
— కరీంనగర్

జవాబు: వెళ్ళబుద్ధి కాకపోతే వెళ్ళకండి బాబూ. దాని వల్ల దేశానికేం నష్టం లేదు. 1987లో వెళ్ళి 1990 మార్చిలో తిరిగొచ్చిన శాంతి దళంలో సుమారు 1200 మంది అక్కడే చనిపోయారు, మిగిలినవాళ్ళు మద్రాసు రేవులో దిగితే ఆనాటి తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతం చెప్పడానికి కూడా వెళ్ళలేదు. మీ నాన్నగారు ఏం చూసి వచ్చారో నేను ఊహించి చెప్పను. ఏం చూసినా మీ అమ్మగారి మీద చెయ్యెత్తడానికి అది లైసెన్సు కాదు. రెండూ ఆయనవే, ఒకదాని కోసం రెండోదాన్ని దాచిపెట్టమని మిమ్మల్ని అడిగే హక్కు ఎవరికీ లేదు.

అమ్మగారు మాత్రం ఎందుకు వెళ్ళమంటున్నారో ఒకసారి కూర్చుని అడగండి. ఆవిడకి అందులో గౌరవం కనిపిస్తుంటే ఆవిడే వెళ్ళి దండ వేస్తారు, మీరు బండి మీద దింపి బయట ఉండండి. జనవరి 14 అంటే మన ఆర్మీకి మొదటి భారతీయ అధిపతి కరియప్ప 1953లో రిటైరైన రోజు, మాజీ సైనికుల దినంగా చేస్తారు. అలాంటి మీటింగులకి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు కూడా వస్తుంటారు. అమ్మగారి పేరు, పుట్టినతేదీ పార్ట్ టూ ఆర్డర్‌లో (ఆర్మీ రికార్డులో కుటుంబ వివరాలు ఎక్కించే కాగితం) ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఇబ్బంది పెడతారు, ఆ కాగితాలు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డరు), బ్యాంకు పుస్తకం జిరాక్సులు తీయించి ఆవిడ చేతికి ఇచ్చి పంపండి.