పాత ఇలియన్ పైప్స్ భాగాలు తయారుచేసే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మేం డబ్లిన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఈ ఏడాది లీవింగ్ సర్ట్ (ఇక్కడి స్కూలు చివరి పరీక్ష) రాశాడు. స్కూల్ రోజుల నుంచి ఐరిష్ ఇలియన్ పైప్స్ (మోచేతి కింద తిత్తితో గాలి నింపి వాయించే వాయిద్యం) వాయిస్తాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, పాత పైపుల భాగాలను అచ్చం అలాగే తయారుచేయడం నేర్చుకుంటానంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా. ఈ వాయిద్యానికి గిరాకీ ఉంది, మంచి పనివాళ్లే తక్కువ. పేరున్నవాళ్ల దగ్గర సెట్ (పూర్తి వాయిద్యం) కావాలంటే ఏళ్ల తరబడి ఆగాలి. ఇలియన్ పైపులు వాయించే కళను 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కెన్నా, కోయిన్ లాంటి పాత డబ్లిన్ పనివాళ్ల సెట్లలోని మంద్రమైన నాదం కోసమే వాటి నకళ్లు చేయించుకునేవాళ్లున్నారు.

అయితే బాబుకి వాయించడం వచ్చినంత మాత్రాన తయారీ పని రాదు. చాంటర్ (వేళ్లతో రాగం పలికించే గొట్టం) లోపలి రంధ్రం పైన దాదాపు 5 మి.మీ. ఉండి, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. సన్నటి కడ్డీ చివర ఒక్కో సైజు బిళ్ల బిగించి లోపలికి దించుతూ, ఏది ఎంత లోతులో ఆగిందో రాసుకుంటారు. ఆ కొలతలకు ఉక్కు రీమర్ (రంధ్రాన్ని తొలిచే పనిముట్టు) చేసుకుని కొత్త చెక్కను తొలుస్తారు. చిక్కంతా ఇక్కడే. వందేళ్లు దాటిన చెక్క కుంచించుకుపోయి, గుండ్రటి రంధ్రం కోలగా మారుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించేస్తే శ్రుతి కుదరదు. పాతకాలపు పనివాడు చేసిందేది, కాలం వల్ల వచ్చిన మార్పేది అని తేల్చుకోగలగాలి. నా దృష్టిలో అసలు విద్య అదే.

ముందు ఈ సెలవుల్లో రీడ్లు (గాలికి అదిరి నాదం పుట్టించే పలకలు) చేయమనండి. చాంటర్‌కి మన సన్నాయికి లాగే రెండు పలకల రీడ్ ఉంటుంది, రెల్లుతో చేస్తారు. పది పాడయ్యాక కూడా పదకొండోది చెక్కడానికి కూర్చుంటే, అతనికి ఈ పని పడుతుంది. పైగా రీడ్లు, రిపేర్లే మొదట్లో చేతికి డబ్బులిచ్చే పనులు.

1968లో మొదలైన ‘న పీబరి ఇలియన్’ అనే ఇలియన్ పైపుల వాద్యకారుల సంస్థ డబ్లిన్‌లోనే ఉంది, పైపుల తయారీలో శిక్షణ కూడా ఇస్తుంది. వెళ్లి వాళ్లతో మాట్లాడండి. అక్కడ సీటు వెంటనే దొరక్కపోతే టూల్‌మేకింగ్ అప్రెంటిస్‌షిప్ చూడండి. జీతం ఇస్తూ లేత్ పని, కొలతలు నేర్పుతారు. రేపు పైపుల పని ఆగినా ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఆ చదువు చాలు. అందుకే ఇంజినీరింగ్ కోసం బలవంతపెట్టడం కన్నా మీ ఇంటికి ఈ దారే మంచిదని నా అభిప్రాయం.

పాత సెట్లలో ఏనుగు దంతం ఉంటుంది. దాన్ని కొనడం, అమ్మడం విషయంలో కఠినమైన చట్టాలున్నాయి. నకళ్లకు కృత్రిమ దంతమే వాడమని బాబుకి ఇప్పుడే చెప్పండి.