మేనిస్ మాస్టోడాన్ వయసు: 12,000 ఏళ్లా, 13,800 ఏళ్లా?

మేనిస్ మాస్టోడాన్ (ఏనుగును పోలిన, అంతరించిపోయిన జంతువు) వయసు మీ చార్టులో ఏది వేయాలని అడిగారు కదా, రెండు అంకెలూ సరైనవే అండి. మొదటిది రేడియోకార్బన్ ఏళ్లు (కార్బన్-14 కొలత నేరుగా ఇచ్చేవి), రెండోది క్యాలెండర్ ఏళ్లు. మీ చార్టులో మేనిస్‌ను 12,000 దగ్గర, క్లోవిస్ వేటగాళ్లను (ఉత్తర అమెరికాలోని ప్రాచీన వేటగాళ్లు) 13,000 దగ్గర పెట్టారు. అందుకే మేనిస్ "క్లోవిస్ కన్నా పాతది" అన్న మాట తిరగబడింది.

1. ప్రతి తేదీ పక్కన ఏం రాశారో చూడండి. "బీపీ" అంటే ఇప్పటికి ఎన్నేళ్ల ముందు అని. "కాల్ బీపీ" అంటే క్యాలెండర్ ఏళ్లలోకి సవరించినది. ఉత్త "బీపీ" అని ఉంటే, ముఖ్యంగా పాత పుస్తకాల్లో, సవరించనిదే అయ్యుంటుంది.

2. చాలామంది వదిలేసేది ఈ సవరణే. గాలిలో కార్బన్-14 పాలు అన్ని కాలాల్లో ఒకేలా లేదు. అందుకే చెట్ల వలయాలతో, సరస్సుల అడుగు పొరలతో పోల్చి సరిచేస్తారు. మేనిస్ ఎముకల కొలత 11,960, సవరిస్తే 13,800. క్లోవిస్ మొదలు 11,050 దగ్గర. సవరిస్తే 13,000 దరిదాపుల్లోకి వస్తుంది. తేడా ఒక్కో కాలానికి ఒక్కోలా ఉంటుంది, అన్నిటికీ 1,800 కలిపేయకండి! ఈ సవరణ చేసిపెట్టే ఆక్స్‌కాల్ ప్రోగ్రామ్ ఉచితమే. కొలతతో పాటు పక్కనున్న ± అంకె కూడా ఇవ్వండి.

3. బీపీ లెక్క 1950 నుంచి వెనక్కి. క్రీ.పూ. కావాలంటే సుమారు 1,950 తీసేయండి.

చార్టులో మేనిస్ మాస్టోడాన్ పక్కటెముక బొమ్మ తప్పకుండా పెట్టండి. 1977లో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెక్విమ్ దగ్గర చెరువు తవ్వుతుంటే దొరికింది. అందులో దిగబడి విరిగిన ఆయుధపు మొన కూడా మాస్టోడాన్ ఎముకతో చేసిందేనని స్కానింగ్ చేసిన బృందం చెబుతోంది.