ఆరుబయట ఆపి ఉంచే ఫైబర్‌గ్లాస్ కారవాన్‌కి కవర్ వేయాలా?

విశాఖలో అక్టోబరు నుంచి జనవరి దాకా ఆరుబయట కదలకుండా ఉండే కారవాన్‌కి, అంటే కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి ట్రైలర్‌కి, కవర్ వేయాలా అన్నది ప్రశ్న. షెడ్డు నీడ దొరికితే కవర్ అక్కర్లేదు. ఆరుబయటైనా సరే, నీలం టార్పాలిన్ మాత్రం కప్పకండి.

చలి దేశాల్లో మంచు పడుతుందని కప్పుతారు. మనకు బెడద ఎండ, ఉప్పుగాలి, తేమ. టార్పాలిన్ కింద తేమ ఆరదు, బూజు పడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు రాపిడి. గాలికి పట్టా కొట్టుకుంటుంటే కింద చేరిన ఇసుక, పోర్టు దుమ్ము గరుకు కాగితంలా పనిచేస్తాయి. ఫైబర్‌గ్లాస్ పైనున్న మెరిసే రక్షణ పూత, జెల్‌కోట్, మందం సుమారు అర మిల్లీమీటరే. తాడు బిగించిన అంచుల దగ్గర ముందు మెరుపు పోయి తెల్లబారుతుంది.

కవర్‌కి బదులు, మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, పూర్తిగా ఆరాక మెరైన్ వ్యాక్స్ (పడవలకు వాడే మైనం) రెండు పూతలు పట్టించండి. రూఫ్ వెంట్ (పైకప్పులో గాలి కోసం ఉండే మూత), కిటికీల చుట్టూ సందులు మూసే సీలెంట్‌లో పగుళ్లు వెతకండి. ఫైబర్ బాడీలోకి నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడే. టైర్లకు, అక్రిలిక్ కిటికీలకు విడి కవర్లు చాలు. లోపల పరుపులు నిలబెట్టి, ఫ్రిజ్ తలుపు తీసి ఉంచండి. బ్యాటరీ వైరు విప్పేయండి. వెంట్ వేలెడు సందు తెరవండి.

కప్పి తీరాలంటే గాలి ఆడే గుడ్డతో, కొలతకు కుట్టించిన కవరే వేయండి. తుపాను హెచ్చరిక వస్తే అదీ తీసేయాలి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటి గాలికి కవర్ ఉబ్బి బండినే లాగుతుంది. అప్పుడు వెంట్ మూసి, చక్రాలకు అడ్డాలు పెట్టి, ఛాసిస్‌ని (బండి కింది చట్రాన్ని) బలమైన పట్టీలతో నేలలోని కొక్కేలకు బిగించండి.