ఇరవై గంటల పని మీద ముప్పై లక్షల అప్పు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. బట్టల కొట్టు. నెలకు 45 వేల దాకా వస్తుంది, ఇంటి ఖర్చులు పోను 15 వేలు మిగిలితే గొప్ప. మావాడు మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. భువనేశ్వర్‌లో ఏడాదికి 3.6 లక్షల ఉద్యోగం వచ్చింది, ఇంకా చేరలేదు. ఇంగ్లండులో ఏడాది ఎమ్మెస్సీకి సీటొచ్చింది, లండన్ కాదు, ఫీజు 17,500 పౌండ్లు. 2026 సెప్టెంబరులో తరగతులు. మా దగ్గర 6 లక్షలుంది, 30 లక్షలు అప్పు కావాలి. చదువుకుంటూ వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, తర్వాత రెండేళ్ల వీసా ఇస్తారు, అప్పు వాడే తీర్చేస్తాడు అని విశాఖలో ఏజెంటు లెక్క రాసిచ్చాడు. ఆ కాగితం ఫొటో పంపుతున్నాను. మా బావమరిదేమో అమెరికా అంటున్నాడు. ఇల్లు తనఖా పెట్టమంటారా? డిపాజిట్ 4,000 పౌండ్లు పది రోజుల్లో కట్టాలట. అమ్మాయి పెళ్లికి దాచిన బంగారం కుదువ పెడదామని మా ఆవిడ అంటోంది.

జవాబు: అన్నగారూ, ముందు రెండు మాటలు చెప్పేసి తర్వాత లెక్కలోకి వస్తాను. బంగారం బీరువాలోంచి తీయకండి. ఈ లెక్కను నమ్మి ఇల్లు తనఖా పెట్టకండి. అబ్బాయిని పంపవద్దని నేననడం లేదు. పంపే దారి వేరేది ఉంది, అది కూడా చెబుతాను.

ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. రూళ్ల కాగితం, నాలుగు మడతలు, కింద నీలం బాల్‌పెన్నుతో "పార్ట్‌టైం నెలకు 1,800 పౌండ్లు" అని రాసి రెండు గీతలు కొట్టారు. ఆ అంకెను మీరే ఒకసారి భాగించి చూడండి. అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లకు చట్టం చెప్పిన కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. 1,800 రావాలంటే నెలకు 141 గంటలు చెయ్యాలి. అంటే వారానికి 32 గంటల పైన. వీసా ఇచ్చేది 20. రెండు గీతలు కొట్టిన ఆ అంకె మీ అబ్బాయి చట్టం తప్పితే తప్ప రాదు. తప్పి దొరికితే చదువూ వీసా రెండూ పోతాయి. అప్పు మాత్రం మీ కొట్టు మీదే ఉంటుంది.

20 గంటలన్న మాటలోనే చాలా మెలికలున్నాయి. అది సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ వారానికావారం దాటకూడని గీత. ఒక వారం 10 చేశాను కదా, వచ్చే వారం 30 చేస్తానంటే కుదరదు. రెండుచోట్ల పని చేస్తే రెండూ కలిపి 20. జీతం లేకుండా చేసే పని కూడా అందులోకే వస్తుంది. వేసవి సెలవుల్లో పూర్తి సమయం చేసుకుని కూడబెడతాడని మీరనుకుంటున్నారేమో, ఎమ్మెస్సీ వాళ్లకు ఆ వేసవి సెలవు కింద లెక్కకు రాదు. అది డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలం, అప్పుడూ 20 గంటలే. ఇక సొంతంగా చేసుకునే పని విద్యార్థి వీసా మీద పూర్తిగా నిషేధం. ఫోనులో యాప్ పెట్టుకుని సైకిలు మీద భోజనాలు అందించే పని ఆ కోవలోకే వస్తుంది. ఇంకొకరి పేరున ఉన్న అకౌంటు అద్దెకు తీసుకుని ఆ పని చేసేవాళ్లున్నారు. మీ అబ్బాయిని అటు వైపు చూడొద్దని చెప్పండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట.

పోనీ, అక్కడికి దిగిన వారమే పని దొరికి, ఒక్క గంట కూడా వదలకుండా 20 చేశాడనుకుందాం. నెలకు సుమారు 1,100 పౌండ్లు. లండన్ బయట ఉండే విద్యార్థి బతకడానికి నెలకు 1,171 పౌండ్లు చూపించాలని ఆ ప్రభుత్వమే అంటోంది. అంటే పూర్తిగా పని దొరికినా గది అద్దెకూ తిండికీ బొటాబొటీ. వాయిదాలోకి రూపాయి రాదు.

ఇప్పుడు మన వైపు లెక్క. పౌండు 120 రూపాయలనుకుంటే ఫీజు 21 లక్షలు. తొమ్మిది నెలల బతుకుతెరువు కింద చూపించాల్సింది 12.65 లక్షలు. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, ఏడాది కోర్సు వీసాకు ఏడాదిన్నర లెక్కన కట్టించుకుంటారు, అది 1.4 లక్షలు. వీసా ఫీజు, విమానం కలిపితే మీరు చెప్పిన 36 లక్షలు సరిపోతాయి. 30 లక్షల అప్పు, వడ్డీ పదిన్నర శాతం అనుకోండి. చదివే ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదా ఉండదు. వడ్డీ మాత్రం ఆగదు. ఆ రెండేళ్లలో 6.3 లక్షలు పెరిగి అసలు 36.3 లక్షలవుతుంది. పదేళ్లకు నెల వాయిదా 49 వేలు. మీ కొట్టు ఆదాయం 45 వేలు. ఈ రెండు అంకెలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఇంట్లో అందరికీ చూపించండి.

రెండేళ్ల వీసా సంగతి. ఏజెంటు చెప్పింది పాత మాట. చదువు తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు 18 నెలలే, పీహెచ్‌డీ చేసినవాళ్లకు తప్ప. మీవాడి కోర్సు ముగిసేది 2027లోనే గనుక అతనికి వర్తించేది 18 నెలలు. ఆ వీసా పెట్టేటప్పుడు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున మొత్తం ఒకేసారి కట్టాలి. అంటే 1.85 లక్షల పైన, వీసా ఫీజు దానికి అదనం. చదువు రుణంలో ఈ డబ్బు ఉండదు. ఈ ఖర్చు ముందే తెలిసి వచ్చిన తండ్రి నా దగ్గరకు ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. అబ్బాయి ఫోను చేసి "నాన్నా, దాదాపు మూడు లక్షలు కావాలి" అన్న రోజునే తెలుస్తుంది. అప్పటికి ఇంట్లో కుదువ పెట్టడానికి ఏమీ మిగిలి ఉండదు.

ఆ 18 నెలల వీసాను పొడిగించరు. ఉండిపోవాలంటే లైసెన్సున్న కంపెనీ స్పాన్సర్ చెయ్యాలి. 2025 జూలై 22 నుంచి అందుకు మామూలు జీతం గీత ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400 దాకా సడలింపు ఉంది గానీ అది నాలుగేళ్ల వరకే, అందులో గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలాన్ని కూడా తీసేస్తారు. ఆ జీతం తెచ్చుకునేవాళ్లు లేరని కాదు. అలా తెచ్చుకుంటాడన్న ఆశను పూచీగా పెట్టి ఇల్లు రాసివ్వకూడదు అంటున్నాను.

నా దగ్గరకొచ్చే ప్రతి కుటుంబాన్నీ నేనడిగేది ఒకటే. అబ్బాయి డిగ్రీ చేత్తో పట్టుకుని, ఉద్యోగం దొరక్క, వెనక్కి వచ్చి భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో చేరాడనుకోండి. ఆ జీతంతో వాయిదా కట్టగలడా? మీవాడికి ఇప్పుడు వచ్చిన 3.6 లక్షల ఉద్యోగంలో చేతికొచ్చేది నెలకు 28 వేల లోపు. మాస్టర్స్ ఉంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే ఇస్తారనుకుందాం. మీ 15 వేల మిగులులో కొంత కలుపుకున్నా 20 వేలకు మించి కట్టలేరు. 20 వేల వాయిదా మోసే అప్పు, వడ్డీతో కలిపి, సుమారు 14.8 లక్షలు. అంటే ఈ రోజు తీసుకోదగ్గది 12 లక్షలు. మీ ఇంటి కొలత అది. ఏ దేశమైనా, ఏ సీటైనా ఆ కొలతలో ఇమడాలి.

మెకానికల్ అన్నారు కాబట్టే జర్మనీ చూడమంటున్నాను. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. మిగతా చాలాచోట్ల సెమిస్టరుకు కొన్ని వందల యూరోల చందా ఉంటుంది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వెయ్యాలి. యూరో 105 రూపాయలైతే 12.5 లక్షలు. ఇది ఫీజు కాదు, మీ డబ్బే. నెలకు 992 యూరోల చొప్పున అబ్బాయి ఖర్చుకే తిరిగి వస్తుంది. పని అనుమతి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. ఆ కాలంలో ఏ పనైనా చేసుకోవచ్చు, అమెరికా ఉద్యోగ వీసాకు లాగా లాటరీ గొడవ లేదు.

కోర్సు రెండేళ్లు గనుక రెండో ఏడాది డబ్బు ఎలా అంటారు. బ్యాంకులో 20 లక్షలు మంజూరు చేయించుకోండి, తీసుకునేది మాత్రం 12 దగ్గర ఆపే ప్రయత్నం చేయండి. మంజూరైన మొత్తానికి వడ్డీ పడదు, తీసుకున్నదానికే పడుతుంది. మీ 6 లక్షలు, ఈ 12 కలిస్తే మొదటి ఏడాది గడిచి కొంత మిగులుతుంది కూడా. రెండో ఏడాది అబ్బాయి అనుమతి ఉన్న పనిలో సగం చేసుకున్నా చాలావరకు నెట్టుకొస్తాడు. చెయ్యలేకపోతే మిగిలిన మంజూరు ఉంటుంది. అప్పు కొలత దాటుతుంది, నిజమే. అయినా 36 లక్షల చోటికి పోదు.

ఒక చిక్కుంది, దాచను. కోర్సు ఇంగ్లిషులో దొరుకుతుంది గానీ మెకానికల్ ఉద్యోగం జర్మన్ భాష రాకుండా దొరకడం చాలా కష్టం. అందుకే నా మాట వింటే అబ్బాయి ఆ భువనేశ్వర్ ఉద్యోగంలో చేరాలి. ఏడాదిపాటు పొద్దున్నో రాత్రో జర్మన్ నేర్చుకుని బీ1 (మధ్య స్థాయి) పరీక్ష అందుకోవాలి. ఈలోగా ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వాళ్లు తనిఖీ చేసి ఇచ్చేది) పని మొదలుపెట్టవచ్చు. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు అది తప్పనిసరి, ఫీజు 18 వేలు. దానికి మార్కుల జాబితాలన్నీ సిద్ధంగా ఉండాలి. విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెచ్చుకోవడానికి నెలలు పట్టిన పిల్లలను చూశాను, ముందు అదే కదపండి. మీ ఏజెంటు జర్మనీ పేరెత్తకపోవడానికి కారణం ఉంది. ఇంగ్లండు విశ్వవిద్యాలయాలు చేర్పించిన ప్రతి విద్యార్థికీ ఏజెంటుకు కమిషన్ ఇస్తాయి. ఫీజే లేనిచోట కమిషన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బావమరిదిగారి అమెరికా సంగతి క్లుప్తంగా. మొదటి విద్యా సంవత్సరం పని క్యాంపస్ లోపలే, తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలే. బయట గ్యాస్ స్టేషన్లోనో హోటల్లోనో చేతికి డబ్బిచ్చే పని చేస్తే వీసా స్థితి చెడుతుంది. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు, మెకానికల్ స్టెమ్ (సైన్సు, సాంకేతిక చదువులు) కిందికి వస్తుంది కాబట్టి ఇంకో 24 నెలలు. ఆ మొదటి 12 నెలల్లో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ తర్వాత కావాల్సిన హెచ్‌1బీ ఉద్యోగ వీసాకు ఏడాదికి 85 వేల చోట్లే, ఎంపికలో ఎక్కువ జీతం వాళ్లకు మొగ్గు. అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అంటే వాడు అక్కణ్ణుంచి వెనక్కి వచ్చేస్తే మళ్లీ పిలిచే కంపెనీ దొరకడం కష్టం. చదువు రెండేళ్లు కనుక అప్పు ఇంగ్లండు కన్నా పెద్దది. మీ కొలతకు రాదు.

ఇంటి కాగితాల గురించి మీరడగలేదు గానీ మన వైపు అప్పులు ఆగిపోయేది అక్కడే. ఇల్లు ఇంకా మీ నాన్నగారి పేరున ఉంటే, మీ అన్నదమ్ముల వాటాలు తేలకుండా ఉంటే బ్యాంకు ముట్టుకోదు. తహసీలు కార్యాలయంలో మ్యుటేషన్ చేయించి పట్టా మీ పేరున తెచ్చుకోండి. ఊరి బయట పొలం చూపిద్దామంటే వ్యవసాయ భూమిని చదువు రుణానికి బ్యాంకులు తీసుకోవు. దాన్ని ఘరబారి కిసంకు, అంటే ఇళ్ల స్థలం కిందికి, మార్పించుకోవాలి, అదొక పెద్ద తిరుగుడు. అప్పు అవసరం లేకపోయినా మ్యుటేషన్ ఈ ఏడాదే చేయించెయ్యండి.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు విదేశీ చదువుకిచ్చే సాయం ఆ రాష్ట్రాల నివాసులకే. మనం తెలుగువాళ్లమే అయినా మన రేషను కార్డూ ఆధారూ ఒడిశావి. కాశీబుగ్గలో చుట్టాలింటి చిరునామా పెట్టి ఆధార్ మార్పిద్దామని ఎవరైనా అంటే వినకండి. రేపు వీసా కాగితాల్లో ఆ తేడా బయటపడితే అబ్బాయి మీదే పడుతుంది. అలాగే వీసా కోసం ఖాతాలో 28 రోజులు డబ్బు చూపిస్తామని, నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇప్పిస్తామనే వాళ్లనూ దూరం పెట్టండి. బ్యాంకు చదువు రుణం మంజూరు పత్రాన్ని కూడా ఇంగ్లండు వీసాకు ఒప్పుకుంటారు.

బ్యాంకు రుణంతో వెళ్లే ఫీజు మీద టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద ముందే పట్టుకునే పన్ను) లేదు. వడ్డీ మీద ఆదాయ పన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే దొరుకుతుంది, మీ ఆదాయానికి దానివల్ల పెద్ద తేడా ఉండదు.

ఇక పది రోజుల గడువు. ఆ 4,000 పౌండ్లు, అంటే 4.8 లక్షలు, మనసు మార్చుకుంటే చాలాచోట్ల తిరిగి రావు. కట్టకండి. సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా అని అబ్బాయి చేతే విశ్వవిద్యాలయానికి నేరుగా మెయిల్ పెట్టించండి, ఏజెంటు ద్వారా వద్దు. భువనేశ్వర్ కంపెనీ వాళ్లకూ ఇవాళే ఫోను చేయించండి, చేరే తేదీ దాటిపోకముందే.