మాంద్యం గురించి పిల్లలకు చెప్పాలంటే టిఫిన్ బండి దగ్గర మొదలుపెట్టండి

తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఆర్థిక మాంద్యం అంటే ఏమిటో, మంచి రోజుల వెనుక చెడ్డ రోజులు ఎందుకు వస్తాయో ఎలా చెప్పాలని అడిగారు. మా అమ్మాయికి నేను చెప్పిన తీరే రాస్తున్నాను, కాకపోతే అందులో నా సొంత గోడు కూడా కొంత ఉంది.

2008లో ఇంజనీరింగ్ పూర్తయ్యేసరికి నా చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఇచ్చిన ఆఫర్ లెటర్ ఉంది. ఆ సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. ఆ కుదుపుకు నా జాయినింగ్ తేదీ మొదట మూడు నెలలు, ఆ తర్వాత ఆరు నెలలు వాయిదా పడింది. అమీర్‌పేట హాస్టల్లో ఎదురుచూస్తూ కూర్చున్న నాకు మాంద్యం మొట్టమొదట కంటపడిన చోటు మా సందు మొగలోని టిఫిన్ బండి. అంతకుముందు అక్కడ రెండు పెనాలు, ప్లేట్లు అందించడానికి ఒక కుర్రాడు ఉండేవారు. హాస్టళ్లు ఖాళీ అవుతున్నకొద్దీ, నాలాంటి వాళ్లు నెయ్యి దోసె మాని రెండిడ్లీలతో సరిపెట్టుకుంటున్నకొద్దీ, ఒక పెనం మూలకు చేరింది, కుర్రాడు ఊరికి వెళ్లిపోయాడు.

జీతం లేని నేను ఖర్చు తగ్గించుకోవడం సబబే, గిరాకీ లేని బండి యజమాని కుర్రాణ్ణి మానిపించడమూ సబబే. అయితే ఒకరి ఖర్చే మరొకరి రాబడి కనుక, అందరూ ఒకేసారి చెయ్యి బిగబడితే అందరి రాబడీ తగ్గి, ఆ తగ్గుదల మళ్లీ ఖర్చును కుదిస్తుంది. 1930ల్లో బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ ప్రధానంగా చెప్పినది ఇదే. పిల్లవాడికి ఈ ముడి విడితే తక్కినదంతా సులువు.

పాఠ్యపుస్తకాలు సమృద్ధి, తిరోగమనం, మాంద్యం, కోలుకోవడం అని నాలుగు దశలు చెబుతాయి. వీటిని వ్యాపార చక్రం అనడం వల్ల ఋతువుల్లా లెక్క ప్రకారం వస్తాయనుకునే ప్రమాదం ఉంది, కానీ వాటికి నియమిత కాలం లేదు. 2008నే తీసుకోండి: అంతకుముందు అమెరికాలో ఇళ్ల ధరలు పెరుగుతూనే ఉంటాయన్న ధీమాతో తీర్చలేనివారికి కూడా అప్పులిచ్చారు. 2006 తర్వాత ధరలు దిగడంతో ఆ అప్పులు మొండిబకాయిలై లేమన్ లాంటి సంస్థలను ముంచాయి. చెడ్డ రోజులకు విత్తనం పడింది మంచి రోజుల్లోనే అన్నమాట.

మన పత్రికలు 1929నూ 2008నూ కలిపి మాంద్యమనే అంటాయి, అందుకే పిల్లలకు రెండూ ఒకటే అనిపిస్తాయి. అమెరికాలో మొదటిది 43 నెలలు సాగింది, 1933 నాటికి పనిచేయగలవారిలో నలుగురికి ఒకరు నిరుద్యోగి. రెండోది 18 నెలలు సాగింది, నిరుద్యోగం పదిమందికి ఒకరి దగ్గర ఆగింది. తొలిసారి వేలాది బ్యాంకులు డిపాజిటర్ల సొమ్ముతో సహా మునిగాయి, మలిసారి ప్రభుత్వాలు, కేంద్ర బ్యాంకులు వెంటనే డబ్బు దింపాయి. మన రిజర్వు బ్యాంకు కూడా 2008 అక్టోబరుకూ 2009 ఏప్రిల్‌కూ మధ్య రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాల అప్పు మీద వడ్డీని, 9 శాతం నుంచి 4.75 శాతానికి తగ్గించింది. 1930ల్లో మన రైతుకు అలాంటి ఆసరా లేదు. పంట ధర దాదాపు సగానికి పడినా పాత అప్పు అణా కూడా తగ్గకపోవడంతో, 1931 తర్వాత ఎన్నో ఇళ్లలోని బంగారం అమ్ముడుపోయి విదేశాలకు తరలిపోయింది.

మా అమ్మాయి ఒక చిక్కు ప్రశ్న వేసింది: అమెరికాలో మాంద్యం 2009 జూన్‌లోనే ముగిస్తే నిరుద్యోగం అక్టోబరులో ఎందుకు అత్యధికమైంది? గిరాకీ తిరిగి వచ్చినా, యజమానులు మొదట ఉన్నవాళ్లచేతే ఎక్కువ గంటలు పని చేయించుకుంటారు, ఆ గిరాకీ నిలుస్తుందని నమ్మకం కుదిరాకే కొత్తవాళ్లను తీసుకుంటారు. నాకు పిలుపు 2010 జనవరిలో వచ్చింది. అప్పటికి బండి మీద రెండో పెనం మళ్లీ వెలిగింది కానీ, ప్లేట్లు మాత్రం ఇంకా యజమానే అందిస్తున్నాడు.