ఇంజిన్‌కి పౌడర్ కోటింగ్ వేయిస్తే వేడెక్కిపోతుందా?

గాలితోనే చల్లబడే (ఎయిర్ కూల్డ్) బండి బోర్‌కీ, అంటే సిలిండర్‌కీ, దాని మీది హెడ్‌కీ నల్ల పౌడర్ కోటింగ్ వేయిస్తే, వేడి బయటికి పోక ఇంజిన్ సీజ్ అవుతుందేమో, అంటే బిగుసుకుపోతుందేమోనని ఒకరు అడిగారు. పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగు చల్లి, ఓవెన్‌లో కాల్చి పొరగా అతికించడం. నా ఇంజిన్ విప్పినప్పుడు నాకూ ఇదే టెన్షన్. వేయించి మూడేళ్లుగా నడుపుతున్నాను, అలాంటిదేమీ జరగలేదు. నన్ను ఏడిపించింది ఇంజిన్ వేడి కాదు, కోటింగ్‌ని కాల్చే ఓవెన్ వేడి.

పౌడర్ అంటే ఒక రకం ప్లాస్టిక్కే. అల్యూమినియంతో పోలిస్తే వేడిని వందల రెట్లు తక్కువగా పంపుతుంది. కానీ పొర మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). ఫిన్ (ఇంజిన్ చుట్టూ ఉండే పలచటి రెక్క) మీది వేడి గాలిలోకి దిగే దగ్గరే అసలు ఆలస్యమంతా, దాని ముందు ఈ పొర అడ్డు రెండు మూడు శాతం ఉంటుందేమో. పైగా పాలిష్ కొట్టిన అల్యూమినియం కంటే రంగు వేసిన లోహం వేడిని బాగా వెదజల్లుతుంది. నలుపే కానక్కర్లేదు, ఏ రంగైనా దాదాపు అంతే. అయితే పౌడర్ ఫిన్ల లోతుల్లోకి సరిగా వెళ్లదు. అందుకని రెండు మూడు కోట్లు దట్టంగా కొట్టి సందులు పూడ్చనివ్వకండి.

ఇక ఓవెన్ సంగతి. లోహం 180–200 డిగ్రీల దగ్గర పావుగంటో ఇరవై నిమిషాలో ఉండాలి. క్లచ్ కవర్‌కి ఉన్న ఆయిల్ చూసుకునే ప్లాస్టిక్ అద్దం తీయకుండానే ఇచ్చేశాను. అది వంకర పోయింది. ఆయిల్ సీళ్లు, ఓ-రింగులు కూడా అంతే, ఒక్కటీ ఉంచకూడదు. బేరింగులూ తీసేయాలి: అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, ఆ వేడికి బేరింగ్ దాని గూట్లో వదులైపోతుంది.

అదే కవర్ మీద పొక్కులు కూడా లేచాయి. పాత కాస్టింగ్ రంధ్రాల్లో ఏళ్ల తరబడి ఇంకిన ఆయిల్ వేడికి ఆవిరై పౌడర్‌లోంచి బయటికొచ్చిందట. రెండోసారి బాగా కడిగించి, పౌడర్ లేకుండా ఇంకాస్త ఎక్కువ వేడిలో ఒకసారి కాల్చి, ఆ తర్వాత వేయిస్తే నున్నగా వచ్చింది.

హెడ్ నట్ల కింద, ప్యాకింగ్ (గాస్కెట్) కూర్చునే చోట, ఎర్త్ వైరు తగిలే చోట పౌడర్ పడకూడదు. నాకు నట్ల కింద పడింది. కొద్ది వందల కిలోమీటర్లకే హెడ్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. పొర నలిగి బిగింపు తగ్గిందన్నమాట. గీకేసి నట్లని మళ్లీ సరైన టార్క్‌తో బిగిస్తే తగ్గింది.

సైలెన్సర్ పైపుకి మాత్రం మామూలు పౌడర్ వద్దు, మాడిపోతుంది. నా హెడ్‌కి కూడా ఎగ్జాస్ట్ పోర్ట్ చుట్టూ రంగు కొంచెం మారింది.

అన్నట్టు, కోటింగ్‌కి ముందు బ్లాస్టింగ్ చేస్తారు కదా, అంటే రవ్వని జోరుగా కొట్టి లోహాన్ని శుభ్రం చేస్తారు, ఆ రవ్వ ఆయిల్ రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. భాగాలు చేతికొచ్చాక ఒక్కో రంధ్రాన్నీ కడిగి, గాలి కొట్టి, అప్పుడే ఇంజిన్ బిగించండి.