సీరియల్ నటన గురించి రాయదలచిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘కార్తీకదీపం’ సీరియల్‌లో నాయిక దీప బాగా చేసిందా, ప్రతినాయిక మోనిత బాగా చేసిందా అని అభిమానుల మధ్య ఏళ్ల తరబడి నడిచిన తగువును ఎంతో ఓపికగా ఒకచోట చేర్చావు. నీ భాష శుభ్రంగా ఉంది, చూసినది చూసినట్టు చెప్పే గుణమూ ఉంది. కానీ వ్యాసం ముగింపుకు వచ్చేసరికి నీవు కూడా ఒక పక్షంలో చేరిపోయావు. దీప అన్ని కష్టాలు పడింది కనుక ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ గొప్ప నటి అని తేల్చేశావు. ఆమె మంచి నటి అన్న మాటతో నాకు పేచీ లేదు, ఆ మాటకు నీవు చూపిన కారణంతోనే పేచీ.

2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో వచ్చిన ఆ సీరియల్ గురించి జనం నటన పేరుతో వాదించుకున్నా, చాలావరకు వాళ్లు తేల్చుకోవాలనుకున్నది ఆ ఇంట్లో న్యాయం ఎవరి వైపు ఉందన్న విషయమే. దీప నల్లగా పుట్టిందని సవతి తల్లి చేత మాటలు పడిన పిల్ల, అదే కారణంతో అత్తగారు కోడలిగా ఒప్పుకోని పిల్ల, మోనిత ఆడిన అబద్ధం వల్ల తనకు పిల్లలు పుట్టరని నమ్మిన భర్త అనుమానిస్తే కడుపుతో ఇల్లు వదిలి, బస్తీలో వంటలు చేసుకుంటూ ఇద్దరు కూతుళ్లలో ఒకరిని పెంచిన పిల్ల. ఇలాంటి మనిషి తెర మీద కన్నీరు పెట్టుకుంటే చూసేవాళ్ల కళ్లు చెమర్చడానికి నటన సగటుగా ఉన్నా సరిపోతుంది. అలాగే మోనిత కనబడగానే పళ్లు కొరికినవాళ్లు ఆ పాత్ర వేసిన శోభా శెట్టి పని ఎలా ఉందో ఆలోచించే స్థితిలో లేరు. 2023లో ఆమె బిగ్ బాస్‌లోకి వెళ్లినప్పుడు కూడా చాలామందికి ఆమె మోనితే.

అయితే ఆ కోపాన్నీ ఆ కన్నీళ్లనూ తక్కువ చేసి రాయవద్దు. పెళ్లిచూపుల్లో తన రంగు గురించి గుసగుసలు విన్న స్త్రీ దీప పక్షాన గొంతు పెంచి మాట్లాడుతున్నప్పుడు ఆమె తన జీవితం గురించే సాక్ష్యం చెబుతోంది. ఆ సాక్ష్యానికి నీ వ్యాసంలో గౌరవమైన చోటు ఉండాలి. దాన్ని నటన మీద తీర్పుగా మార్చకుండా ఉంటే చాలు.

ఇక నటన సంగతి. రోజువారీ సీరియల్ ఎలా తయారవుతుందో తెలుసుకోకుండా అందులో నటనను తూచడం అన్యాయం. కథలో ఎక్కడెక్కడివో అయిన దృశ్యాలను, హాలులో జరిగేవన్నీ ఒకసారి, పడకగదిలో జరిగేవన్నీ ఒకసారి, సెట్టు వెసులుబాటును బట్టి తీసేస్తారు. డైలాగు కాగితం చాలాసార్లు సెట్లోనే చేతికి వస్తుంది, వెనక నుంచి ఎవరో మాట అందిస్తుంటారు. పొద్దున కొడుకు పెళ్లికి నవ్విన తల్లి, మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చుని అదే కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టాలి. పైగా మన సీరియళ్లలో కేరళ నుంచీ కర్ణాటక నుంచీ వచ్చిన నటీమణులు ఎక్కువ. చాలామందికి తెలుగు గొంతు ఇచ్చేది వేరొకరు. అంటే నీవు మెచ్చుకున్న ఏడుపులో ముఖం ఒకరిది, వణుకు మరొకరిది కావచ్చు. డబ్బింగ్ కళాకారిణి పేరు అభిమానుల వాదనల్లో దాదాపు ఎప్పుడూ రాదు. నీ వ్యాసంలోనూ రాలేదు. ఆ తర్వాత ఎడిటింగ్ ఉంది. ఒక మాట పడగానే గదిలో ఉన్న ప్రతి ముఖాన్నీ దగ్గరగా, ఒక్కొక్కదాన్ని మూడేసిసార్లు చూపించి, కింద డప్పు మోగిస్తే, మామూలు చూపు కూడా పిడుగులా కనబడుతుంది. అందుకే ఒక దృశ్యాన్ని మొదట శబ్దం తీసేసి చూడు, తర్వాత కళ్లు మూసుకుని విను. ఈ రెండింటిలోనూ నిలిచినదేదో అదే నటన.

మరో సంగతి, మాట్లాడే మనిషిని వదిలి వినే మనిషిని చూడు. అరవడం, శాపనార్థాలు పెట్టడం అభ్యాసంతో వస్తాయి, వినడం అంత తొందరగా రాదు. నా మటుకు ఆ సీరియల్‌లో అన్నిటికంటే కష్టమైన పని నిరుపమ్ పరిటాలది. అతను వేసిన దీప భర్త కార్తీక్ ఒక తప్పుడు అనుమానాన్ని ఏళ్ల తరబడి మోయాలి, అది తప్పని చూసేవాళ్లందరికీ తెలుసు, అయినా వాళ్లు అతన్ని వదిలేయకూడదు. దీప పెంచుతున్న కూతురు శౌర్యను అతను ‘రౌడీ’ అని ముద్దుగా పిలిచే దృశ్యాలను మళ్లీ చూడు. ఆ పిల్లను చూడగానే ముఖంలో వచ్చే మెత్తదనమూ, ఎదురుగా తల్లి కనబడగానే దవడ బిగుసుకోవడమూ, ఆ రెండింటి మధ్య ఉన్న కొద్ది క్షణాలూ నీవు రాయవలసిన చోటు. అభిమానులు అతన్ని ‘డాక్టర్ బాబు’ అని ముద్దు చేశారు, లేదా మూర్ఖుడని తిట్టారు. ఆ కొద్ది క్షణాల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

దీప ముఖం గురించి కూడా నీవు రాయక తప్పదు. ఈ కథకు మూలం ఏషియానెట్‌లో వచ్చిన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’. అందులోనూ మొదట నాయిక ప్రేమి విశ్వనాథే. నలుపును చిన్నచూపు చూడటం తప్పని చెప్పే కథ, ఆ పాత్రకు సహజంగా నల్లగా ఉన్న నటిని తీసుకోకుండా ఆమె మేనికి నల్లరంగు పూయించింది. ఇది నన్ను బాధించే విషయం. నీవు దీన్ని కొంచెం ధైర్యంగా అడగాలి. అడుగుతూనే ఇందులో ఉన్న నటన సమస్యను కూడా చూడు. మందమైన మేకప్ కింద ముఖంలోని సన్నని కదలికలు పోతాయి, భారమంతా కళ్ల మీద, మెడ మీద, చేతుల మీద పడుతుంది. ప్రేమి తల ఎలా దించుతుందో, ఎప్పుడు ఎత్తుతుందో, కొంగు చివరను ఏం చేస్తుందో గమనించి రాస్తే ఆమె గొప్పతనానికి నీవు వెతుకుతున్న ఆధారాలు అక్కడ దొరుకుతాయి.

కుటుంబ వైరాల గురించి నీ వ్యాసం దీప–మోనితల పోరు దగ్గర ఆగిపోయింది. అది పైకి కనబడే పోరు. మోనితను రాను రాను పూర్తి దుర్మార్గురాలిగా మార్చాక అందులో చూసేవాడు ఆలోచించడానికి మిగిలింది తక్కువ, ఎప్పుడు పట్టుబడుతుందా అన్న ఎదురుచూపు తప్ప. నా దృష్టిలో ఆ కథకు వెన్నెముక సౌందర్య–దీపల సంబంధం. కోడలి రంగును అసహ్యించుకున్న అత్తగారు ఆమెకు అండగా మారి, చివరికి కన్నకొడుకుతోనే పోట్లాడుతుంది. సౌందర్యగా చేసిన అర్చన అనంత్ ఆ మార్పును ఒక్కసారిగా కాక, దర్పం ఎక్కడా తగ్గించకుండా తెచ్చింది. దీపను తిట్టినప్పటి నిలువు మెడ, దీప కోసం కొడుకును తిట్టినప్పుడూ అలాగే ఉంటుంది. ఇంటి పెత్తనం అలాగే ఉండి, అది ఎవరి కోసం పనిచేస్తుందో మాత్రమే మారింది. మన ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య నిజంగా జరిగేది చాలాసార్లు ఇదే.

2022లో జరిగినది నీకు మంచి పాఠం. దీపనూ కార్తీక్‌నూ కథలోంచి తప్పించి, కూతుళ్లు హిమ, శౌర్య పెద్దవాళ్లైనట్టు చూపి, వాళ్ల మధ్య వైరంతో నడపాలని చూశారు. ప్రేక్షకులు అంగీకరించలేదు, అదే ఏడాది పాత జంటను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. అప్పుడు చాలామంది కొత్త అమ్మాయిలకు నటన రాదన్నారు. నేను ఒప్పుకోను. ఆటో నడిపే శౌర్యగా అమూల్య గౌడ ఎంతో చలాకీగా చేసింది. తక్కువైనది వైరానికి ఉండవలసిన బరువు. తల్లిదండ్రుల కథలో గౌరవం, పిల్లల పుట్టుక, ఇంటి పేరు పణంగా ఉన్నాయి. కూతుళ్ల కథలో చిన్ననాటి అపార్థమూ ఒక పెళ్లికొడుకూ మాత్రమే ఉన్నాయి. రాతలో లేని బరువును నటి ఎక్కడి నుంచి తెస్తుంది? ‘నటన బాగోలేదు’ అన్న మాట వినబడినప్పుడల్లా ఆ లోపం నటిదా, రచయితదా అని ముందు విడదీయి.

వారం వారం వచ్చే రేటింగుల అంకెలు నీ వాదనకు సాక్ష్యంగా తేకు, అవి ఎందరు చూశారో చెబుతాయి, ఏం చూశారో చెప్పవు. జెమినీలో మంజులా నాయుడు తీసిన ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’తో పోల్చి కొత్తవాళ్లను కొట్టిపారేసే అలవాటు పెద్దవాళ్లలో ఉంది. పోల్చదలిస్తే ఒక దృశ్యానికి ఎదురుగా మరో దృశ్యాన్ని పెట్టి పోల్చు, జ్ఞాపకాలకు ఎదురుగా పెట్టవద్దు.

నీ వ్యాసంలో అభిమానుల వాదనలున్న మొదటి భాగాన్ని అలాగే ఉంచు. తీర్పు చెప్పిన చివరి రెండు పేరాలు తీసేసి, ఆ స్థానంలో సౌందర్యా దీపా ఎదురెదురుగా నిలబడిన ఒకే ఒక్క దృశ్యాన్ని తీసుకుని, ఎవరు ఎప్పుడు చూపు తిప్పుకున్నారో, ఎవరి మాట మధ్యలో ఆగిందో వరుసగా రాయి. రెండు పుటలు అయినా పరవాలేదు. డబ్బింగ్ చెప్పినవారి పేరు దొరికితే తప్పక చేర్చు. రాసి పంపితే వెంటనే చదివి జవాబిస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి